రాజుల కథలు, రాతి సాక్ష్యాలు

మధుర, తిరునెల్వేలి ప్రాంతాల్లో తెలుగువాళ్ళు నలుగురు కూడితే విశ్వనాథ నాయకుడి కథ రాకుండా ఉండదు. మధురను జయించి రమ్మని కృష్ణదేవరాయలు నాగమ నాయకుణ్ణి పంపడం, నాగమ ఆ రాజ్యాన్ని తానే కాజేయడం, అతని తల తెచ్చేవారెవరని రాయలు నిండు సభలో అడగడం, అందరూ తలలు దించుకుంటే నాగమ కన్నకొడుకే లేచి నిలబడటం! ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు గగుర్పొడిచే కథ. చిన్నప్పుడు మా తాతగారి నోట విన్నాను, ఇప్పుడు మన సంఘం సమావేశాల్లో వింటున్నాను.

అయితే ఇప్పటి పిల్లలు కథ విని ఊరుకోరు. "ఇది నిజంగా జరిగిందా? ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నలే. కానీ జవాబు చెప్పడం కోస్తాలోనో రాయలసీమలోనో ఉన్నవారికంటే మనకు కొంచెం కష్టం. అక్కడివారికి చుట్టూ ఉన్న భాషే సాక్ష్యం. రాజపాళయం పక్కన ఈ చోళపురంలో ఉంటున్న మనకు, బడిలో తమిళం, బజారులో తమిళం, ఇంట్లో మాత్రం తెలుగు. "మీరెప్పుడొచ్చారు, ఎందుకొచ్చారు" అని ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర ఉన్న పట్టా ఈ కథే. ఆ పట్టాను భూతద్దం పెట్టి చూడమంటే పెద్దలకు మనసు చివుక్కుమంటుంది.

ఇదే చిక్కు మరొకరికీ ఉందని నాకు ఒక సహోద్యోగి మాటల్లో తెలిసింది. ఆయన క్రైస్తవులు, బైబిలు నిష్ఠగా చదివేవారు. కాలేజీకి వెళ్ళే కొడుకు, అందులోని రాజుల కథలు చరిత్రా, కల్పనా అని అడుగుతున్నాడని ఒకరోజు భోజనాల వేళ అన్నారు. ఆ మాట పట్టుకొని ఇద్దరం చాలా నెలలు దొరికిన పుస్తకాలు చదువుకున్నాం. నేను చదివింది బి.కాం. చేసేది బ్యాంకు ఉద్యోగం. చరిత్రకారుణ్ణి కాను. కానీ లెక్కలు సరిచూడటం నా వృత్తి. ఆ కళ్ళతోనే ఈ రెండు చిట్టాలనూ చూశాను.

సరిచూసే పద్ధతి

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో లెడ్జర్లన్నీ చేతిరాతే. ఇప్పుడు అంతా కంప్యూటరు. కానీ సూత్రం మారలేదు. ఏ పార్టీ అయినా తన పుస్తకంలో తాను రాసుకున్నది ఒక్కటే చాలదు. ఎదుటి పక్షం పుస్తకంలో కూడా ఆ పద్దు ఉండాలి. రెండోది, ఆ పద్దు జరిగిన రోజున రాసిందా, ఏళ్ళ తరవాత గుర్తు తెచ్చుకొని రాసిందా అన్నది చూడాలి. మూడోది, మనిషి తనకు లాభం తెచ్చే మాట సులభంగా రాసుకుంటాడు. తనకు నష్టమో తలవంపో తెచ్చే మాట కూడా రాసుకున్నాడంటే దానికి విలువ ఎక్కువ. ఇక ఏ వోచరూ దొరకని పద్దును వెంటనే కొట్టేయం, అలాగని జమా కట్టం. సస్పెన్సు ఖాతాలో ఉంచుతాం. వోచరు దొరికిన రోజున అక్కణ్ణుంచి తీసి ఎక్కడ పెట్టాలో అక్కడ పెడతాం.

రాజుల చరిత్రకు వోచర్లంటే శాసనాలు, నాణేలు, మట్టి పలకలు, తవ్వకాల్లో బయటపడ్డ గోడలు.

హిజ్కియా కట్టిన కప్పం

బైబిలులో రాజుల మొదటి గ్రంథం, రెండవ గ్రంథం అని రెండున్నాయి. సొలొమోను రాజ్యం నుంచి యెరూషలేము పతనం దాకా సుమారు నాలుగు వందల ఏళ్ళ కథ. ఇవి ఇప్పుడున్న రూపానికి వచ్చింది క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో, బబులోను చెర కాలంలో అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే కొన్ని సంగతులు జరిగిన మూడు, నాలుగు వందల ఏళ్ళకు కూర్చినవి. అయితే ఆ కూర్చినవారు ఒక్కో రాజు కథ చివర, మిగతా వివరాలు రాజుల వృత్తాంతాల గ్రంథంలో ఉన్నాయి చూసుకోండి అంటారు. మనం లెడ్జరు ఫోలియో నంబరు వేసినట్టు! ఆ పాత గ్రంథాలు ఇప్పుడు లేవు. కానీ ఏదో రాతమూలం చేతిలో పెట్టుకొనే రాశారన్నమాట.

ఇప్పుడు ఒక పద్దు చూద్దాం. క్రీ.పూ. 701లో అష్షూరు చక్రవర్తి సన్హెరీబు యూదా రాజ్యం మీదికి వచ్చాడు. యూదా రాజు హిజ్కియా 300 టాలెంటుల వెండి, 30 టాలెంటుల బంగారం కప్పం కట్టాడని, అందుకోసం దేవాలయం తలుపుల బంగారం కూడా ఊడదీసి ఇచ్చాడని రాజుల రెండవ గ్రంథం చెబుతుంది. టాలెంటు అంటే సుమారు 30 కిలోలు. అంటే బంగారమే 900 కిలోల దాకా అయింది.

సన్హెరీబు కూడా తన దండయాత్రను ఆరు ముఖాల మట్టి స్తంభం మీద రాయించుకున్నాడు. దాని ప్రతి ఒకటి 1830లో దొరికింది, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో హిజ్కియా పేరుంది. 46 కోట ఊళ్ళు పట్టుకున్నానని, హిజ్కియాను పంజరంలో పిట్టలా యెరూషలేములో బిగించానని చెప్పుకున్నాడు. కప్పం లెక్క కూడా ఉంది. బంగారం 30 టాలెంటులు, వెండి 800 టాలెంటులు.

బంగారం అణాపైసలతో సరిపోయింది! వెండిలో 500 తేడా. తీసుకున్నవాడు ఎక్కువ చెప్పుకున్నాడో, ఇచ్చినవాడు తక్కువ చెప్పుకున్నాడో, ఇతర సొమ్ము కూడా కలిపి లెక్కగట్టారో, పండితులు పలు విధాలుగా చెబుతారు. కానీ ఒకరికొకరు శత్రువులైన రెండు పక్షాల పుస్తకాలు, రెండు భాషల్లో, ఒకే సంవత్సరపు ఒకే పద్దును చూపిస్తుంటే, ఆ లావాదేవీ జరగలేదని ఏ ఆడిటరూ అనడు. పైగా దేవుడి తలుపుల బంగారం ఊడదీశామన్నది యూదావారికి తలవంపు తెచ్చే మాట. అయినా దాచలేదు.

ఆ తరవాత కథ మాత్రం కలవదు. ఒక్క రాత్రిలో దేవదూత 1,85,000 మంది అష్షూరు సైనికులను హతం చేశాడని బైబిలు. సన్హెరీబు రాతలో ఆ ప్రసక్తే లేదు. అయితే యెరూషలేమును పట్టుకున్నానని కూడా అతను ఎక్కడా చెప్పలేదు. నీనెవెలో తన అంతఃపుర గోడల మీద లాకీషు అనే ఊరి ముట్టడిని నిలువెత్తు శిల్పాలుగా చెక్కించుకున్నాడు కాని, రాజధానిని జయించినట్టు చెక్కించలేదు. జయించి ఉంటే చెక్కించకుండా ఉంటాడా? కాబట్టి నగరం నిలిచిందన్నది ఇద్దరూ ఒప్పుకున్నట్టే. ఎందుకు నిలిచిందన్నది విశ్వాసానికి సంబంధించిన మాట. అది మన లెడ్జరులో తేలదు.

రెండు గెలుపులు, ఒకే యుద్ధం

రెండో పద్దు ఇంకా ముచ్చటైనది. 1868లో ఇప్పటి జోర్డాన్ దేశంలోని ధీబాన్ దగ్గర ఒక నల్లరాయి శాసనం దొరికింది. మోయాబు రాజు మేషా వేయించినది, క్రీ.పూ. 9వ శతాబ్దపుది. దొరికిన కొద్దికాలానికే స్థానికుల తగాదాల్లో అది ముక్కలైపోయింది. అదృష్టవశాత్తూ అంతకుముందే దాని మీద కాగితం అద్ది అచ్చు తీసి ఉంచారు కాబట్టి చదవగలిగారు. ఇప్పుడు పారిస్ లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

బైబిలు ప్రకారం మేషా ఇశ్రాయేలు రాజుకు లక్ష గొర్రెపిల్లలు, లక్ష పొట్టేళ్ళ ఉన్ని కప్పం కట్టేవాడు. అహాబు చనిపోయాక ఎదురుతిరిగాడు. మేషా శాసనం కూడా అహాబు తండ్రి ఒమ్రీ తమను చాలాకాలం అణచివేశాడని, తాను తిరగబడి గెలిచానని చెబుతుంది. మనుషులు, ఊళ్ళు, తగాదా అన్నీ కలిశాయి. గెలుపు ఎవరిదన్నది మాత్రం ఎవరి పుస్తకంలో వారిది. ఇశ్రాయేలు శాశ్వతంగా నాశనమైందని మేషా గొప్పగా రాయించాడు. నిజానికి ఆ రాజ్యం ఆ తరవాత వందేళ్ళకు పైగా, క్రీ.పూ. 722 దాకా నడిచింది. అంటే రాతి మీద చెక్కినదంతా సత్యమని అనుకోనక్కరలేదు. రాయి కూడా గొప్పలు చెప్పుకుంటుంది.

మూడోది నాకు బాగా నచ్చినది. యూదా రాజు యెహోయాకీనును క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు చెరపట్టి బబులోనుకు తీసుకుపోయాడని, అక్కడ రాజుగారి ఖర్చుతో అతనికి భోజనం జరిగేదని రాజుల రెండవ గ్రంథం ఆఖరి వాక్యాల్లో ఉంది. జర్మన్లు 1899 నుంచి 1917 దాకా బబులోనులో తవ్వినప్పుడు కోటలో మట్టి పలకలు దొరికాయి. 1939లో వాటిని చదివి ప్రకటించారు. ఎవరెవరికి ఎంత నూనె కొలిచి ఇచ్చారో రాసిన లెక్కలవి. మన భాషలో చెప్పాలంటే స్టోర్సు ఇష్యూ రిజిస్టరు! అందులో యూదా రాజు యెహోయాకీను పేర, అతని అయిదుగురు కొడుకుల పేర నూనె ఖర్చు రాసి ఉంది. ఒక పలక మీది తేదీ క్రీ.పూ. 592కు సరిపోతుంది. రాసిన గుమాస్తాకు మతప్రచారంతో పనిలేదు, చరిత్రతో పనిలేదు. సాయంత్రానికి నూనె లెక్క తేలాలి, అంతే. అలాంటివాడి సాక్ష్యాన్ని మించిన సాక్ష్యం ఏముంటుంది?

కలవని పద్దులు, సస్పెన్సు ఖాతా

ఇవన్నీ విని నా సహోద్యోగి సంతోషించారు. కానీ కలవని పద్దులూ చూడాలి కదా.

ఇశ్రాయేలు రాజు యోరామును, యూదా రాజు అహజ్యాను యెహూ అనే సేనాని చంపాడని బైబిలు చెబుతుంది. 1993లో ఉత్తర ఇశ్రాయేలులోని తేల్ దాన్ దగ్గర ఒక విరిగిన శాసనం దొరికింది. అందులో ఒక అరాము రాజు ఆ ఇద్దరినీ తానే చంపానని చెప్పుకున్నట్టు ఎక్కువమంది పండితులు చదివారు. ఇద్దరు హంతకులు ఒకే హత్యను తమదంటున్నారు. ఈ శాసనంలోనే దావీదు వంశం అన్న మాట కూడా ఉంది. దావీదు కల్పిత పాత్ర అని వాదించేవారికి అది పెద్ద ఎదురుదెబ్బ.

ఇక మౌనాల సంగతి. క్రీ.పూ. 853లో ఖర్ఖర్ అనేచోట అష్షూరు సైన్యాన్ని ఎదుర్కొన్న రాజుల్లో అహాబు ఉన్నాడని, 2,000 రథాలు, 10,000 కాల్బలం తెచ్చాడని అష్షూరు శాసనం చెబుతుంది. అంత పెద్ద యుద్ధం గురించి బైబిలులో ఒక్క ముక్కలేదు. బైబిలుకు అహాబు విగ్రహారాధనతోనే పని, అతని రథాలతో కాదు. పుస్తకం రాసినవాడి ఉద్దేశం ఏమిటో తెలిస్తేనే దాని మౌనం అర్థమవుతుంది.

ఏళ్ళ లెక్కలు ఇంకో తలనొప్పి. ఇశ్రాయేలు, యూదా రాజుల పాలనా సంవత్సరాలు కూడితే ఒకదానితో ఒకటి సరిపోవు. ఎడ్విన్ థీలే అనే ఆయన 1951లో అచ్చయిన పుస్తకంలో దీనికొక దారి చూపించాడు. ఒక రాజ్యంలో పట్టాభిషేకం జరిగిన ఏడాదిని మొదటి ఏడాదిగా లెక్కిస్తే, మరో రాజ్యంలో ఆ మరుసటి ఏటి నుంచి లెక్కించారు. ఒకరికి ఏడాది వసంతంలో మొదలైతే ఇంకొకరికి శరత్తులో. తండ్రి బతికుండగానే కొడుకు సహపాలకుడైతే ఆ ఏళ్ళు రెండుసార్లు పడ్డాయి. ఆయన చెప్పినవన్నీ అందరూ ఒప్పుకోలేదు గాని, బ్యాంకులో పనిచేసేవాడికి ఇది వెంటనే తలకెక్కుతుంది. మనకు ఏడాది ఏప్రిల్ 1న, గోడ మీది క్యాలెండరుకు జనవరి 1న, ఇంట్లో పంచాంగానికి ఉగాదినాడు. ఈ మూడూ కలిపి కూడితే ఎవరి లెక్క తేలుతుంది? మన శాసనాల్లోనూ శక సంవత్సరాన్ని గతించినది, జరుగుతున్నది అని రెండు విధాలుగా రాసేవారు. ఆ తేడా గమనించకపోతే ఒక ఏడాది తప్పుతుంది.

సొలొమోను మహారాజు సంగతి? ఆయన పేరున్న సమకాలీన శాసనం ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. ఆయన కాలపువని కొందరు చెప్పిన కోట ద్వారాలు, ఆ తరవాతి శతాబ్దానివని ఇజ్రాయెల్ ఫింకెల్‌స్టైన్ వంటి పురాతత్వవేత్తలు వాదించారు. వాదం ఇంకా నడుస్తోంది. ఆయన వైభవం సస్పెన్సు ఖాతాలోనే ఉండాలి.

సస్పెన్సులో ఉన్నది తేలిన ఉదాహరణ కూడా ఉంది. దానియేలు గ్రంథంలో బెల్షస్సరు అనే బబులోను రాజు వస్తాడు. అలాంటి రాజు పేరు గ్రీకు చరిత్రకారుల జాబితాల్లో లేదు కాబట్టి కల్పితమన్నారు. 1854లో ఊర్ నగరంలో దొరికిన మట్టి స్తంభాల మీద ఆ పేరు బయటపడింది. అతను ఉన్నాడు. కాని దానియేలు గ్రంథం చెప్పినట్టు నెబుకద్నెజరు కొడుకు కాదు, నబోనిదస్ కొడుకు. సగం జమ, సగం సవరింపు!

ఇక మన ఇంటి లెక్క

ఇతరుల పుస్తకం ఇంత నిక్కచ్చిగా చూసి మనది చూడకపోతే అది న్యాయం కాదు. నాగమ, విశ్వనాథుల కథ మనకు ఎలా వచ్చింది? రాతప్రతుల ద్వారా. కాలిన్ మెకంజీ దొర (1754-1821), ఆయన దగ్గర పనిచేసిన మన తెలుగు సోదరులు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య వంటివారు ఊరూరా తిరిగి ఇలాంటి వృత్తాంతాలు పోగుచేశారు. మధుర రాజుల వృత్తాంతాలు కొన్నింటిని విలియం టైలర్ 1835లో మద్రాసులో అచ్చువేయించారు. నెల్సన్ 1868లో రాసిన మధుర మాన్యువల్‌కు, కాల్డ్వెల్ 1881లో రాసిన తిరునెల్వేలి చరిత్రకు ఆధారాల్లో ఇవి ముఖ్యమైనవి. అంటే సంఘటన 16వ శతాబ్దంలోది, మన చేతికి వచ్చిన కథ చాలా తరాల తరవాతిది. బైబిలు రాజుల గ్రంథాల పరిస్థితే.

ముందుగా జమ పద్దు. నాగమ, విశ్వనాథుడు కల్పిత పాత్రలు కారు. తిరునెల్వేలి దగ్గర కృష్ణాపురం ఆలయానికి సంబంధించిన సదాశివరాయల తామ్రశాసనం ఉంది. శక 1489, అంటే క్రీ.శ. 1567 నాటిది. అందులో నాగమ, అతని కొడుకు విశ్వనాథుడు, అతని కొడుకు కృష్ణప్ప అని మూడు తరాలు వరసగా ఉన్నాయి. సంఘటనలకు నలభై ఏళ్ళ లోపు సాక్ష్యం. దీనికి అభ్యంతరం లేదు.

రెండోది తేదీ. విశ్వనాథుడి పాలన 1559లో మొదలైందని నెల్సన్ రాశారు. 1924లో మధుర నాయకుల చరిత్ర రాసిన సత్యనాథయ్యరు గారు శాసనాలు చూసి 1529 అన్నారు. నెల్సన్ గారి ఏడాదే నిజమైతే కథలో కృష్ణరాయలు ఉండటానికే వీల్లేదు. కర్ణాటకలో తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలోని ఒక కన్నడ శాసనం 2022లో వార్తల్లోకి వచ్చింది. దాని ప్రకారం రాయలు 1529 అక్టోబరు 17, ఆదివారం నాడు పరమపదించారు. అయిదు వందల ఏళ్ళుగా తేలని తేదీ ఒక పల్లెటూరి రాతి మీద ఉంది! అంచేత రాయలు, నాగమ, విశ్వనాథుడు కలిసిన కథ ఏదైనా ఆ తేదీకి ముందు జరిగి ఉండాలి.

మూడోది, చెల్లని పద్దు. కథ మొదట్లో చోళరాజు వీరశేఖరుడు పాండ్యుణ్ణి మధుర నుంచి తరిమేశాడని ఉంది. చోళ చక్రవర్తుల్లో ఆఖరివాడు మూడవ రాజేంద్రుడు, 1279తో ఆయన జాడ పోతుంది. రెండున్నర శతాబ్దాల తరవాత చోళరాజు ఎక్కడిది? తంజావూరు సీమలో ఏ పాలెగాడో, సామంతుడో ఆ పేరు పెట్టుకొని ఉండవచ్చు, కథ చెప్పినవారు పాత పేరు తగిలించి ఉండవచ్చు. పాండ్య వంశం అంతటితో వారసులు లేక అంతరించిందన్న మాట కూడా నిలవదు. మన చోళపురం నుంచి రెండు గంటల లోపు బస్సు ప్రయాణం తెన్‌కాశి. అక్కడ పాండ్యులు ఆ తరవాత కూడా శాసనాలు వేయించారు. తమిళంలో నైషధం రాసిన అతివీరరామ పాండ్యుడు ఆ శతాబ్దం రెండో సగంలో రాజ్యం చేసినవాడే. అధికారం తగ్గిందేమో కాని వంశం పోలేదు.

ఇక అసలు ఘట్టం. కొడుకు తండ్రిని బంధించి తెచ్చాడని చెప్పే సమకాలీన శాసనం ఏదీ చరిత్రకారులు చూపలేదు. 1530ల్లో విజయనగరం గురించి వివరంగా రాసిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ కూడా ఈ కథ చెప్పలేదు. సత్యనాథయ్యరు గారు దీన్ని చాలావరకు నమ్మారు, ఇతరులు సందేహించారు. అయితే మౌనానికి కారణాలుంటాయని అహాబు విషయంలో చూశాం. తాత రాజద్రోహం చేశాడని మనవడి కాలపు దానశాసనంలో ఎవరు చెక్కిస్తారు? కాబట్టి కొట్టేయడానికి లేదు, జమకట్టడానికీ లేదు. ఇది కూడా సస్పెన్సు ఖాతాయే.

రాయవాచకము అన్న తెలుగు వచన గ్రంథం సంగతీ ఇలాంటిదే. విశ్వనాథ నాయకుడి స్థానాపతి రాయల సభలో చూసినవీ విన్నవీ రాసి పంపినట్టుగా అది నడుస్తుంది. చదువుతుంటే నిన్నటి ఉత్తరంలా ఉంటుంది. కాని అది రాయల కాలంలో కాక, ఇంచుమించు 1600 ప్రాంతంలో మధుర నాయకుల ఆస్థానంలో పుట్టిందని ఫిలిప్ వాగనర్ 1993లో తన ఆంగ్లానువాదంతో పాటు చూపించారు. అప్పటికి తళ్ళికోట యుద్ధం (1565) అయిపోయింది, హంపి పాడుపడింది. పోయిన వైభవాన్ని తలచుకుంటూ, మా అధికారం ఆ రాయల నుంచి వచ్చిందే అని మధుర నాయకులు చెప్పుకోవలసిన రోజులవి. యెరూషలేము కాలిపోయాక బబులోనులో కూర్చొని తమ రాజుల కథ రాసుకున్నవారి మనసు కూడా ఇదే కదా అనిపిస్తుంది. ఊరు దూరమైనవాళ్ళే కథను గట్టిగా పట్టుకుంటారు.

అంకెల విషయంలోనూ ఇద్దరూ ఒకటే. రాయచూరు మీదికి రాయలు 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులతో వెళ్ళారని నూనిజ్ లెక్క. అంతమందికి రోజుకు ఎన్ని బియ్యం, ఎన్ని నీళ్ళు కావాలో కాగితం మీద వేసి చూస్తే సందేహం రాక మానదు. పైగా ఆ యుద్ధం 1522లో జరిగిందని అతను రాస్తే, అది 1520 అని రాబర్టు స్యూయెల్ 1900లో సకారణంగా సవరించారు. చూసినవారిని అడిగి రాసినవాడికే రెండేళ్ళు తేడా వచ్చింది.

పుంగ చెట్టు వంగిందా?

రాజుల కథల కన్నా మన ఇళ్ళకు దగ్గరైనవి వలస కథలు. ఇక్కడి రాజులు, రెడ్లు, కమ్మవారు, నాయకర్లు, ఎవరి కథ వారికుంది. అందులో తరచు వినబడేది ఒకటి. పిల్లను తన కిమ్మని ఒక నవాబు పట్టుబట్టాడు. కుటుంబం రాత్రికి రాత్రి బయలుదేరింది. వెనక సైన్యం, ముందు ఏరు. అప్పుడు గట్టుమీది పుంగ చెట్టు, అదే కానుగ చెట్టు, వంతెనలా వంగి వాళ్ళను దాటించింది. థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణ భారత కులాల గ్రంథంలోనే ఇలాంటి కథ నమోదై ఉంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి, తమిళంలో గొప్ప రచయిత అయిన కి. రాజనారాయణన్ (2021లో కాలం చేశారు) తన గోపల్ల గ్రామం నవలలో దీన్ని శాశ్వతం చేశారు. సముద్రం పాయలై ఇశ్రాయేలీయులకు దారి ఇచ్చిన కథ నా సహోద్యోగికి ఎంత ప్రియమో, చెట్టు వంగిన కథ మన అవ్వలకు అంత ప్రియం.

చెట్టు వంగిందనడానికి వోచరు దొరకదు, వెతకనవసరం లేదు. కానీ జనం కదిలారన్నది నిజం. ఈ నేల మీద అయిదు వందల ఏళ్ళుగా మనం మాట్లాడుతున్న తెలుగే దానికి సాక్ష్యం. భయంతో వచ్చారా, కొలువు కోసం వచ్చారా, నల్లరేగడి నేల కోసం వచ్చారా అంటే, బహుశా ఒక్కో కుటుంబం ఒక్కో కారణంతో వచ్చి ఉంటుంది. కథ ఒక్క కారణాన్నే గుర్తుపెట్టుకుంది.

పిల్లలకు ఏం చెబుదాం?

నా మనవి ఇది. కథ చెప్పడం మానవద్దు. ఆ కథలోనే మన తెలుగు బతికి ఉంది. అయితే "ఇది మన పెద్దలు చెప్పింది, ఇది రాతి మీద ఉన్నది" అని రెండింటినీ విడదీసి చెబుదాం. విడదీసి చెబితే కథ విలువ తగ్గుతుందని కొందరు పెద్దలు బాధపడతారు. నా అనుభవం వేరు. అంతా నిజమే అని గద్దించి చెబితే, పిల్లవాడు ఒక్క తప్పు దొరికిన రోజున మొత్తం పుస్తకమే మూసేస్తాడు. నాగమ పేరున్న తామ్రశాసనం ఉందని చెప్పినప్పుడు మా పిల్లల కళ్ళలో కనబడిన వెలుగు, ఉత్త కథ చెప్పినప్పుడు కనబడలేదు. నా సహోద్యోగి కూడా కొడుకుతో ఇదే చెప్పారట. నూనె లెక్క రాసిన పలక చూపించి, దేవదూత సంగతి నా విశ్వాసం, ఈ పలక చరిత్ర అన్నారట. తండ్రీకొడుకులు ఇప్పుడు కలిసి చదువుతున్నారు.

రెండో మనవి. మేషా రాయి ముక్కలు కాకముందే అచ్చు తీశారు కాబట్టి దక్కింది. మన అటకల మీద తాటాకు కట్టలు, పాత దస్తావేజులు, పెళ్ళి ఖర్చుల చిట్టాలు, తాతలు తెలుగులో రాసిన ఉత్తరాలు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. పాతిల్లు పడగొట్టే రోజున అవి పొయ్యిలోకి పోతాయి. ఊరి గుడికి కుంభాభిషేకం చేసేటప్పుడు శాసనాల మీద సున్నమో రంగో పూసేస్తారు, లేదా ఇసుక యంత్రంతో అక్షరాలు అరగదీస్తారు. ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోను ఉంది. కాగితం చెత్త అనిపించినా ఫోటో తీసి, ఎవరి ఇంట్లో ఎక్కడ దొరికిందో, ఏ తేదీన తీశారో రాసి పెట్టండి. చదవడం రాకపోతే ఫర్వాలేదు. మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనో, దగ్గరి విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలోనో చదవగలిగినవారు ఉంటారు.

ముఖ్యంగా లెక్కల చిట్టాలను పారేయకండి. రాజు వేయించిన శాసనం రాజు గొప్పే చెబుతుంది. నూనె కొలిచిన గుమాస్తా రాసుకున్నది అబద్ధం చెప్పదు. విశ్వనాథ నాయకుడి కథకు కావలసిన వోచరు ఏ ఊరి కరణంగారి అటక మీద ఉందో! హొన్నేనహళ్ళి వాళ్ళకు మాత్రం తమ గుడి రాతి మీద రాయలవారి ఆఖరి తేదీ ఉందని తెలుసా?